కంచన్‌బాగ్ గేటు మూసి లేదు

హైదరాబాద్ శివారు అల్మాస్‌గూడలో లేత్ మిషను షెడ్డు నడిపేవాళ్ళనో, ఆఫ్‌సెట్ ప్రింటింగు చేసేవాళ్ళనో, నాలుగు కుట్టుమిషన్లు పెట్టుకుని యూనిఫాంలు కుట్టే ఆడవాళ్ళనో ఒకసారి అడిగి చూడండి, సర్కారు ఆఫీసులకు సరుకు ఎందుకు అమ్మరని. జవాబు ఇంచుమించు ఒకటే వస్తుంది. "మనకెందుకన్నా ఆ లొల్లి? టెండర్లు పెద్దోళ్ళకు. పైరవీ లేకుంటే ఫైలు కదలదు. ఒకవేళ పని దొరికినా బిల్లు రాదు."

ఈ మాటను అనుభవం ఉన్నవాళ్ళూ అంటారు, ఒక్క టెండరు కాగితం కూడా చూడనివాళ్ళూ అంటారు. లెక్కలు రాసిపెట్టే ఆడిటరు అంటాడు, అప్పిచ్చే బ్యాంకు మేనేజరు అంటాడు, కొత్తగా షెడ్డు పెట్టిన కుర్రాడికి మేనమామ అదే బుద్ధి చెబుతాడు. నేను ఈ మాట తప్పంటున్నాను. అందులో ఉన్న బాధ నిజం, దాని నుంచి తీసిన తీర్పు తప్పు. ఆ తీర్పు వల్ల మన తూర్పు హైదరాబాద్‌లో ఎన్నో షెడ్లు పక్కనే ఉన్న పని అందుకోకుండా పోతున్నాయి.

ముందు బాధ సంగతి. అది గాలిలోంచి పుట్టలేదు. 2022లో మొదలైన 'మన ఊరు - మన బడి' కింద బడులకు గదులు కట్టి, సున్నాలు వేసి, మరుగుదొడ్లు బాగుచేసిన చిన్న కాంట్రాక్టర్లు వడ్డీకి తెచ్చిన డబ్బు పెట్టి, తర్వాత ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. 2025 మార్చిలో చిన్న కాంట్రాక్టర్లు సచివాలయంలోకే వెళ్ళి, ఉప ముఖ్యమంత్రి ఛాంబరు ముందు బైఠాయించి మా బిల్లులు మాకివ్వండని అడగాల్సి వచ్చింది. సిరిసిల్లలో 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ల మీద బతికిన మరమగ్గాలు 2024కి వచ్చేసరికి వందల కోట్ల బకాయిల కింద ఆగిపోయాయి. "టోకెన్ పడింది గానీ పైసలు పడలేదు" అన్న మాట రాష్ట్రంలో ఏ చిన్న కాంట్రాక్టరునడిగినా వినిపిస్తుంది. బిల్లు ట్రెజరీకి చేరి, నంబరు కూడా వచ్చి, అక్కడే నెలలు, ఏళ్ళు కూర్చోవడం అన్నమాట. ఈ బాధను చిన్నచేసి మాట్లాడేవాళ్ళతో నాకు పొత్తు లేదు.

కానీ ఈ ఉదాహరణలన్నీ మళ్ళీ ఒకసారి చూడండి. బడి గదులు, సీసీ రోడ్లు, డ్రైనేజీలు, చీరలు. అన్నిటిలోనూ కొన్నది రాష్ట్ర ప్రభుత్వమో, దాని కింది స్థానిక సంస్థో. అల్మాస్‌గూడలో మనకు రోజూ కళ్ళ ముందు కనిపించే సర్కారు కూడా అదే. గల్లీలో రోడ్డు తవ్వేది, వీధి దీపం పెట్టేది, మోరీ మీద బిల్ల వేసేది మున్సిపాలిటీ కాంట్రాక్టరు. అతని కష్టం చూసి సర్కారు అంటే ఇంతే అని తేల్చేశాం. ఇక్కడి నుంచి బండి మీద అరగంట లోపు ఇంకో సర్కారు ఉంది. దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

బాలాపూర్ మీదుగానో, కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగానో కంచన్‌బాగ్ వైపు వెళితే వరుసగా కనిపించేవి ఏమిటి? 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్. 1973లో పెట్టిన మిధాని, అంటే మిశ్ర ధాతు నిగమ్. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ ప్రయోగశాలలు. ఇటు బాలాపూర్, పహాడీ షరీఫ్ వైపు 1988లో వచ్చిన క్షిపణి పరిశోధన సంస్థ ఆర్‌సీఐ. వీటి బస్సులు పొద్దున్నే మన రోడ్ల మీదే పోతాయి. వీటిలో పనిచేసేవాళ్ళు మన అపార్టుమెంట్లలోనే అద్దెకుంటారు. ఇవి క్షిపణులు, ప్రత్యేక లోహాలు తయారుచేస్తాయి గనుక మనకు సంబంధం లేదనుకుంటాం. వాటికి చెక్క ప్యాకింగు పెట్టెలు కావాలి. రబ్బరు సీళ్ళు, బుష్‌లు, ఫిక్చర్లు, గేజీలు కావాలి. పనివాళ్ళకు యూనిఫాంలు, చేతి తొడుగులు, బూట్లు కావాలి. రిజిస్టర్లు, ఫారాలు అచ్చు వేయాలి. క్యాంటీన్‌కు కూరగాయలు, గెస్టుహౌసుకు దుప్పట్లు ఉతికేవాళ్ళు, ఆఫీసుకు అద్దె కార్లు, ఏసీలకు మెకానిక్కులు, తోటకు మాలీలు కావాలి. ఇందులో ఏది మన ప్రాంతంలో చేయలేం?

ఇది 'పెద్దోళ్ళ' పని అంటారు గదా, ఆ పెద్దోళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో కూడా చూద్దాం. 1970లో హెచ్‌ఎంటీలో పనిచేసి బయటికొచ్చిన పి. రవీంద్రారెడ్డి, మరో ఇద్దరు కలిసి బాలానగర్‌లో ఒక చిన్న యూనిట్ మొదలుపెట్టారు. అణు రియాక్టర్లలో వాడే విడిభాగాలు బయటి దేశాలు ఇవ్వం అన్నప్పుడు ఇక్కడ తయారుచేసి ఇచ్చారు. తర్వాత ఇస్రో వికాస్ ఇంజన్లు చేశారు. అదే ఎంటార్. 2021లో స్టాక్ మార్కెట్‌కు వెళ్ళింది. 1991లో ఆస్ట్రా మైక్రోవేవ్, 1992లో ఇస్రో నుంచి వచ్చిన పావులూరి సుబ్బారావు పెట్టిన అనంత్ టెక్నాలజీస్ కూడా ఇదే కోవలోవి. వీటిని పెంచి పెద్దచేసిన తొలి కొనుగోలుదారు సర్కారే. "వాళ్ళు ఇంజనీర్లు, లోపల తెలిసినవాళ్ళున్నారు" అనే వాదన నాకు తెలుసు. ఉన్నారు, నిజమే. కానీ తెలిసినవాడు ఉన్నంత మాత్రాన మైక్రాన్లలో కొలిచే ముక్క ఇన్‌స్పెక్షన్‌లో పాస్ కాదు. పైగా అప్పట్లో వాళ్ళకు లేనిది ఇప్పుడు మనకుంది. చిన్న యూనిట్ల దగ్గర కొని తీరాలని సర్కారును కట్టిపడేసే చట్టబద్ధమైన ఉత్తర్వు.

ఆ ఉత్తర్వు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. టెండర్లు మనవి కావు అని చెప్పేవాళ్ళలో దాన్ని చదివినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు.

2012 మార్చి 23న కేంద్రం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనుగోళ్ళ విధానం ప్రకటించింది. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనే సరుకులు, సేవల్లో 20 శాతం ఈ సంస్థల నుంచే కొనాలి. 2015 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. 2019 ఏప్రిల్ నుంచి 25 శాతం. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల నుంచి, 3 శాతం మహిళల నుంచి. 358 రకాల వస్తువులు పూర్తిగా చిన్నవాళ్ళ దగ్గరే కొనాలి, పెద్ద కంపెనీ అమ్మడానికే వీల్లేదు. టెండరు ఫారం డబ్బు కట్టక్కర్లేదు, ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే ధరావతు, కట్టక్కర్లేదు. క్షిపణుల వంటి ఆయుధ వ్యవస్థలు ఈ లెక్కలోకి రావు. అవి తీసేసినా మిగిలేది తక్కువేం కాదు.

ఇంకో వెసులుబాటు ఉంది. ఆ సంగతి తెలియకనే చాలామంది రేటు వేయకుండా వెనక్కి వస్తారు. ఒక కేంద్ర సంస్థ ప్యాకింగు పెట్టెలకు టెండరు పిలిచిందనుకుందాం. పెద్ద కంపెనీ ఒకటి పెట్టెకు 1,000 రూపాయలు వేసి ఎల్-వన్, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినది, అయింది. అల్మాస్‌గూడ వడ్రంగి షెడ్డు 1,140 వేసింది. మామూలు బేరంలో అయితే ఇక్కడితో కథ అయిపోయినట్టే. ఇక్కడ కాదు. ఎల్-వన్ రేటుకు 15 శాతం లోపు వేసిన చిన్న సంస్థను పిలిచి, "1,000కి ఇవ్వగలవా?" అని అడగాలి. ఇవ్వగలనంటే ఆర్డరులో నాలుగో వంతు దాకా మనకివ్వాలి. విడగొట్టడానికి వీల్లేని సరుకైతే మొత్తం ఆర్డరే ఇవ్వొచ్చు. అంటే పెద్ద కంపెనీ రేటు చూసి భయపడి తప్పుకోవలసిన అవసరం లేదు. మన ఖర్చు మనం నిజాయితీగా లెక్కేసుకుని రేటు వేస్తే, తర్వాత సరిపోల్చుకునే అవకాశం చట్టమే ఇస్తోంది.

ఈ ఉత్తర్వు ఉత్తుత్తి కాగితం అని కొట్టిపారేసేవాళ్ళకు సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలోనే జవాబు చెప్పింది. లైఫ్‌కేర్ ఇన్నొవేషన్స్ అనే చిన్న మందుల సంస్థ కేసులో, ఈ విధానానికి చట్టంతో సమానమైన బలం ఉందని తేల్చింది. ఫలానా సంస్థకు ఫలానా ఆర్డరు ఇచ్చి తీరాలని ఎవరూ కోరలేరు గానీ, ఆ శాతం అందుకోవడం మాత్రం అధికారుల విధి అని చెప్పింది. ఆ కేసు కోర్టు దాకా రావడానికి అసలు కారణం టెండర్లలో పెట్టే టర్నోవరు షరతు. గత మూడేళ్ళలో ఇన్ని కోట్ల వ్యాపారం చేసి ఉండాలి, ఇలాంటి ఆర్డర్లు ఇన్ని చేసి ఉండాలి అనే గీత. 'టెండర్లు పెద్దోళ్ళకు' అన్న మాటకు నిజమైన ఆధారం ఉంటే అది ఇదే. ఇక్కడ నా కోపం అధికారుల మీద. చిన్న సంస్థలకు పాత అనుభవం, టర్నోవరు సడలించవచ్చని కేంద్రమే 2016లో చెప్పింది. కానీ సడలిస్తే రేపు ఆడిట్‌లో ఎవరు జవాబు చెబుతారన్న భయంతో గీతను ఎక్కడో పైన గీస్తారు. ఐరోపా సమాఖ్య 2014 ఆదేశంలో దీనికి సూటిగా అడ్డుకట్ట వేసింది: ప్రత్యేక కారణం చూపితే తప్ప, టెండరు విలువకు రెండింతల కన్నా ఎక్కువ టర్నోవరు అడగకూడదు. మనకూ అలాంటి అంకె ఒకటి కావాలి. కానీ గీత ఎత్తుగా ఉన్న టెండర్లు ఉన్నాయని, ఏ గీతా లేని చిన్న కొనుగోళ్ళను కూడా వదులుకోవడం ఏం తెలివి? పెద్ద టెండరు ఒకటి పేపర్లో పడితే దాని గురించి పదిమంది మాట్లాడతారు. కేంద్రం ఆన్‌లైన్ కొనుగోళ్ళు నడిపే జెమ్ పోర్టల్‌లో రోజూ వచ్చే రెండు మూడు లక్షల రూపాయల ఆర్డర్ల గురించి ఎవరూ మాట్లాడరు.

పైరవీ సంగతికి వద్దాం. లంచం లేదని నేను చెప్పను. చెబితే చదివేవాళ్ళు ఈ కాగితం పక్కన పడేస్తారు, పడేయాలి కూడా. కానీ ఎక్కడ ఎంత ఉందో చూడకుండా అంతటా ఒకేలా ఉందనడం కూడా అబద్ధమే. ఒకప్పుడు మన ఉమ్మడి రాష్ట్రంలో టెండరు డబ్బా ముందు మనుషుల్ని నిలబెట్టి ఎదుటివాడిని కాగితం వేయనిచ్చేవాళ్ళు కాదు. ముందే కూడబలుక్కుని ఎవరికి ఏ పని అన్నది రింగు కట్టి పంచుకునేవాళ్ళు. 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక డబ్బా పోయింది, డబ్బా ముందు కాపలా పోయింది. దేశంలో ఈ దారిన ముందు నడిచిన రాష్ట్రాల్లో మనది ఒకటి. 2016 ఆగస్టులో కేంద్రం జెమ్ తెచ్చింది, దాని తర్వాత ఏడాదికే ఎన్నో దశాబ్దాలుగా కొనుగోళ్ళు నడిపిన డీజీఎస్‌అండ్‌డీని మూసేసింది. ఇప్పుడు రేటు వేసేది ఇంట్లో కూర్చుని. ఎవరెంత వేశారో బిడ్ తెరిచాక అందరికీ కనిపిస్తుంది. సాంకేతిక అర్హతలో తీసేస్తే కారణం రాయాలి, దాన్ని ప్రశ్నించొచ్చు. లంచం ఇంకా ఎక్కడ ఉండగలదంటే, ఇన్‌స్పెక్షన్ దగ్గర, బిల్లు పాస్ చేసే బల్ల దగ్గర. అది పోరాడాల్సిన చోటు. అక్కడ అడిగితే 1064కి ఫోన్ చేయొచ్చు, రాష్ట్ర ఏసీబీ వల పన్నుతుంది. కేంద్ర సంస్థ అయితే దానికో విజిలెన్స్ అధికారి ఉంటాడు.

పైరవీ లేనిదే పని కాదన్న నమ్మకం వల్ల బాగుపడేది ఎవరో గమనించారా? మధ్య మనుషులు. చిన్న సంస్థగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఒక్క పైసా ఫీజు లేదు. 2020 జులై నుంచి ఆధార్, పాన్ పెట్టుకుని ఫోన్‌లో ఎవరికి వాళ్ళు చేసుకోవచ్చు. అయినా దానికి వేలకు వేలు పుచ్చుకునేవాళ్ళున్నారు. జెమ్‌లో ఖాతా తెరిపిస్తాం, టెండరు ఇప్పిస్తాం, లోపల మనవాళ్ళున్నారు అని కమీషన్ మాట్లాడుకునేవాళ్ళున్నారు. ఒకసారి పాస్‌వర్డ్ కూడా వాళ్ళ చేతికే పోతే, మన పేరు మీద ఎవరి సరుకు అమ్ముడవుతోందో మనకే తెలియదు. 'లోపల మనవాడు లేకపోతే కాదు' అని మనం నమ్మినన్నాళ్ళూ ఆ 'మనవాడి'గా నటించేవాడి వ్యాపారం నడుస్తూనే ఉంటుంది.

అలాగని పోర్టల్ వచ్చింది, ఇక అంతా సాఫీ అని వేదికల మీద చెప్పే మాట కూడా చేటే. ఆ మాట నమ్మి దూకినవాళ్ళు మొదటి రివర్స్ ఆక్షన్‌లోనే చేతులు కాల్చుకుంటారు. మన బాలాపూర్ లడ్డూ వేలంలో 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2025లో 35 లక్షలకు పోయింది. అక్కడ ఎంత ఎగబడితే ధర అంత పైకి. రివర్స్ ఆక్షన్‌లో ఎంత ఎగబడితే అంత కిందికి. తెర మీద అంకెలు పడిపోతుంటే పంతానికి పోయి అసలు కంటే తక్కువకు కొట్టేసి, ఆర్డరు గెలిచి, సరుకు ఇవ్వలేక చేతులెత్తేసినవాళ్ళు చాలామంది. సరుకు ఆలస్యమైతే వారానికి ఇంత అని కోత ఉంటుంది. పర్ఫార్మెన్స్ గ్యారంటీకి ఈఎండీ లాగా మినహాయింపు లేదు. డెలివరీ ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంటే లారీ కిరాయి మనదే. కాబట్టి బిడ్ వేసే ముందు ఇంత కంటే దిగను అని కాగితం మీద రాసుకుని, ఆ అంకె దాటగానే లేచి వెళ్ళిపోవాలి. ఇంకో సంగతి. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్నా ఈ 25 శాతం వాటా వర్తించదు. 2021లో వాళ్ళను చేర్చింది బ్యాంకు రుణాల కోసం మాత్రమే. తయారుచేసేవాళ్ళకు, సేవలందించేవాళ్ళకే ఈ కోటా. కట్టడం పనులకూ లేదు. ఈ తేడాలు ముందే చెప్పకుండా అందరినీ రమ్మని పిలవడం మోసం.

ఇక అన్నిటికన్నా గట్టి వాదన, బిల్లు రాదు అన్నది. ఇందులో ఎదుటివాళ్ళతో నేను సగం ఏకీభవిస్తాను. ఆ సగం రాష్ట్ర ప్రభుత్వ కొనుగోళ్ళకు సంబంధించింది. మిగతా సగం దగ్గర నేను ఆగి గట్టిగా వాదిస్తాను.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈడీ) చట్టం 15వ సెక్షన్ ప్రకారం, సరుకు ఒప్పుకున్న రోజు నుంచి ఒప్పందంలో రాసుకున్న గడువులోగా, అది ఎంత రాసుకున్నా 45 రోజులు మించకుండా, డబ్బు ఇచ్చేయాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇవ్వకపోతే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్ళొచ్చు. 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చాక ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. కౌన్సిల్ తీర్పు మీద కొన్నవాడు కోర్టుకు పోవాలంటే ముందు తీర్పులో చెప్పిన సొమ్ములో 75 శాతం కట్టాలి. బయట మామూలు అప్పు వసూలుకు ఇంత బలం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు షోరూమ్‌కు సరుకిచ్చి, ఆరు నెలలు చెక్కు కోసం తిరిగి, చివరికి చెక్కు బౌన్స్ అయినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. వాళ్ళు 'ఇక ప్రైవేటువాళ్ళతో వ్యాపారం చేయను' అనరు. ఆ ఒక్క షోరూమ్‌తో చేయను అంటారు. సర్కారు విషయానికి వచ్చేసరికి మాత్రం ఒక ఆఫీసు చేసిన పాపం అన్ని ఆఫీసులకూ అంటగడతాం.

ఈ హక్కు నిలవాలంటే ఒక జాగ్రత్త కావాలి. ఒప్పందం కుదిరే ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. గొడవ వచ్చాక తీసుకున్న సర్టిఫికెట్‌తో ఆ పాత బిల్లుకు ఈ చట్టం కింద రక్షణ దొరకదని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఇది తెలియక చేతికొచ్చిన హక్కును పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పది నిమిషాల పని, దయచేసి ఇవాళే చేసుకోండి.

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల దగ్గర ఇంకో రెండు ఆసరాలు దొరుకుతాయి. ఒకటి ట్రెడ్స్. మన బిల్లును ఆ సంస్థ తెర మీద ఒప్పుకుంటే చాలు, బ్యాంకులు పోటీపడి వడ్డీ కోట్ చేసి కొద్ది రోజుల్లో డబ్బు మన ఖాతాలో వేస్తాయి. గడువుకు ఆ సంస్థ కట్టకపోయినా బ్యాంకు మన మీదికి రాదు. 250 కోట్లు దాటిన టర్నోవరు ఉన్న కంపెనీలన్నీ, కేంద్ర సంస్థలన్నీ ఇందులో చేరాలని 2024 నవంబరులో ఉత్తర్వు వచ్చింది. రెండోది ఆదాయపు పన్ను చట్టానికి 2023లో చేర్చిన నిబంధన. చిన్న సంస్థకు గడువు దాటించి డబ్బిస్తే, ఇచ్చేదాకా ఆ ఖర్చును కంపెనీ తన లెక్కలో చూపి పన్ను తగ్గించుకోలేదు. భారత్ డైనమిక్స్, మిధాని వంటివి పన్ను కట్టే కంపెనీలే గనుక అక్కడి అకౌంట్స్ సెక్షన్‌కు మన బిల్లు తేదీ ఇప్పుడు సొంత తలనొప్పి. జెమ్‌లో అయితే సరుకు అందుకుని ఒప్పుకున్నట్టు సర్టిఫికెట్ ఇచ్చాక 10 రోజుల్లో డబ్బివ్వాలన్నది నియమం. ఆలస్యాలు అక్కడా ఉన్నాయి. కానీ ఆలస్యానికి తేదీ పడుతుంది, తేదీకి వడ్డీ పడుతుంది.

"కౌన్సిల్‌కు పోతే మళ్ళీ ఆర్డరు ఇవ్వరు కదా?" అని అడుగుతారు. ఈ భయం నిజమైనదే. దీనికి విరుగుడు ఒంటరిగా పోకపోవడం. లేత్ షెడ్లవాళ్ళు, ప్రింటర్లు, కుట్టుపనివాళ్ళు ఎవరికి వాళ్ళు విడివిడిగా ఉన్నన్నాళ్ళూ ఒక్క క్లర్కు కూడా మనల్ని ఆడించగలడు. కాలనీ సంక్షేమ సంఘాలకు ఎన్నికలు పెట్టుకుంటాం, గణేశ్ ఉత్సవ కమిటీలకు లెక్కలు రాస్తాం. అమ్మేవాళ్ళకు ఒక సంఘం ఎందుకు లేదు? సంఘం పేరు మీద వెళ్ళే ఫిర్యాదులో ఒక్కడి ముఖం కనపడదు.

రాష్ట్రం విషయంలో మాత్రం నేను ఎవరినీ తోయను. సిరిసిల్ల నేర్పింది మర్చిపోకూడదు: ఒకే కొనుగోలుదారు మీద మొత్తం మగ్గం ఆధారపడితే ఆ కొనుగోలుదారు ఆగిన రోజు మగ్గం ఆగుతుంది. వ్యాపారంలో మూడో వంతుకు మించి రాష్ట్ర సర్కారుకు అమ్మకండని నా సలహా. ఇది సలహా మాత్రమే. కానీ సలహాతో సరిపెట్టుకోకూడదు. కేంద్రం 2012 ఉత్తర్వు రాష్ట్ర శాఖలను, మున్సిపాలిటీలను కట్టడి చేయదు. 45 రోజుల చట్టం మాత్రం అందరినీ కట్టడి చేస్తుంది, రాష్ట్రాన్నీ చేస్తుంది. రాష్ట్రం 2024 సెప్టెంబరులో కొత్త ఎంఎస్‌ఎంఈ విధానం విడుదల చేసింది. విధానం మంచిదే, కానీ బిల్లు ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన కట్టారు అన్నది ప్రజలకు కనపడనంత వరకు ఏ విధానమూ అల్మాస్‌గూడ గల్లీదాకా రాదు. వచ్చిన వరుసలో బిల్లులు కట్టాలి, ఆ వరుస అందరికీ తెలియాలి. మధ్యలోంచి ఎవరి బిల్లయినా ముందుకు జరిగితే ఎందుకు జరిగిందో రాయాలి. ఇది అడగడానికి కాంట్రాక్టరై ఉండక్కర్లేదు, పన్ను కడితే చాలు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇంకొకటి. కేంద్ర సంస్థలు మొత్తం మీద 25 శాతం దాటుతున్నాయి. కానీ అందులో ఎస్సీ, ఎస్టీ సంస్థల కోసం పెట్టిన 4 శాతం ఏళ్ళ తరబడి బాగా కిందే ఉంది. మహిళల 3 శాతమూ కష్టంగా నడుస్తోంది. ఎందుకని అడిగితే వచ్చే జవాబు, 'అమ్మేవాళ్ళు దొరకడం లేదు' అని. నేను ఈ జవాబును ఒప్పుకోను. వెతకని అధికారి చెప్పే సాకు అది. కానీ ఆ సాకును బతికిస్తున్నది ఎవరు? మనకు కాదులే అని ఇంట్లో కూర్చున్న మనమే. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుడుతున్నారు. ఆ కుట్టు చేతులకు కేంద్రీయ విద్యాలయం యూనిఫాం కుట్టడం రాదా? ఆసుపత్రి దుప్పటి అంచు మడవడం రాదా? 2016లో పెట్టిన జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ ఈ పని కోసమే ఉంది. జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ ద్వారా శిక్షణ, సర్టిఫికెట్ల ఖర్చుల్లో సాయం చేస్తుంది. మన మీర్‌పేట, జిల్లెలగూడ, బడంగ్‌పేటల నుంచి అక్కడికి ఎంతమంది వెళ్ళారు?

చిన్నవాడి దగ్గర కొనడం దయ అనుకునేవాళ్ళు అమెరికాను చూడాలి. మార్కెట్ మాటే వేదమనే ఆ దేశం 1953లోనే చిన్న వ్యాపారాల చట్టం చేసింది, తర్వాతి కాలంలో కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళలో 23 శాతం చిన్నవాళ్ళకు లక్ష్యంగా పెట్టుకుంది. కొన్ని టెండర్లలో పెద్ద కంపెనీలను అసలు రానివ్వదు. ఎందుకంటే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళ దగ్గరే కొంటే పోటీ చచ్చి, ధర పెరిగి, చివరికి నష్టపోయేది సర్కారే. మన పన్ను డబ్బుతో కొనే సరుకు మన గల్లీలో తయారవడంలో దయ ఏముంది?

రక్షణ శాఖ 2020 ఆగస్టులో సృజన్ అనే పోర్టల్ పెట్టింది. ఇన్నాళ్ళూ విదేశాల నుంచి తెప్పించుకుంటున్న విడిభాగాల జాబితాలు, కంచన్‌బాగ్ సంస్థలవి కూడా, అందులో ఉన్నాయి. ఎంత కొంటున్నారో, ఏ కొలతలో కావాలో చూసి, ఇది నేను చేయగలను అని అక్కడే రాయొచ్చు. అన్నీ మన షెడ్లలో కుదరవు. కొన్ని కుదురుతాయి. నాదర్‌గుల్, బాలాపూర్ వైపు ఏ కుర్రాడైనా సీఎన్‌సీ మిషను మీద రాత్రి షిఫ్టు ఖాళీగా ఉంచుకుని ఆర్డర్లు లేవని బాధపడుతుంటే, ముందు ఆ జాబితా తెరిచి చూడమనండి.

ప్రతి కేంద్ర సంస్థా వచ్చే ఏడాది ఏమేం కొంటుందో వార్షిక ప్రణాళిక తన వెబ్‌సైట్‌లో పెట్టాలని, చిన్న సంస్థలతో వెండర్ సమావేశాలు జరపాలని అదే 2012 ఉత్తర్వు చెబుతోంది. ఆ సమావేశాల్లో టీ తాగి, ఫైలు పట్టుకుని, ఫొటో దిగి రావడం ఇక చాలు. మనం పదిమందిమి కలిసి వెళ్ళి, లేచి నిలబడి అడగాల్సినవి ఉన్నాయి. నిరుడు ఎస్సీ, ఎస్టీ, మహిళా సంస్థల నుంచి ఎన్ని రూపాయల సరుకు కొన్నారు? కొనలేకపోయినవి ఏ వస్తువులు? వాటి కొలతలు, నమూనాలు మాకెప్పుడిస్తారు? మా బిల్లుల్లో 45 రోజులు దాటినవి ఎన్ని, వాటికి వడ్డీ వేశారా?